నా పేగుల అనుమానం

మా ఇంట్లో అనుమానం ముందు పుట్టింది, మేం తర్వాత పుట్టాం. నర్సీపట్నంలో నాన్నగారి కిరాణా కొట్టులో బస్తాల మధ్య నడక నేర్చుకున్నదాన్ని. ఎవరైనా మిరియాలు తెస్తే నాలుగు గింజలు గ్లాసు నీళ్ళలో వేసి చూడాలని, తేలితే అందులో బొప్పాయి గింజలు కలిశాయని, నాకు అక్షరాల కంటే ముందు తెలుసు. పెళ్ళయ్యాక గూడెం కొత్తవీధిలో మేమూ కొట్టు పెట్టాం. కొండమీది ఊళ్ళలో మిరియాలు, పసుపు, చింతపండు కొని కిందికి పంపడం నా పని.

బేరానికి కూర్చునే ముందు వరస కలుపుకోవడం మా వాళ్ళ పద్ధతి. అలా ఎదురుకొండ మీది ఊళ్ళో నాకొక వదిన దొరికింది. మొదట్లో అది బేరం పిలుపే. పోనుపోనూ, బేరం తెగినా తెగకపోయినా, ఆవిడ ఇంట్లో రాగి అంబలి తాగకుండా నేను కొండ దిగిన రోజు లేకుండా పోయింది.

ఈసారి వానల్లో నాకు కడుపు చెడింది. మందుల షాపులో చెప్పి యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చుకున్నాను. రెండు మూడు వేసుకునేసరికి తగ్గింది. మిగిలిన సరుకు పారేయడం మా ఇంటా వంటా లేదు కనక డబ్బాలో దాచాను. మళ్ళీ వస్తే మళ్ళీ ఒకటి. ఆ తర్వాత నొప్పి రాకపోయినా, సంతకు వెళ్ళే రోజు ముందు జాగ్రత్తకు ఒకటి. కడుపు మాత్రం బాగుపడలేదు. నీళ్ళను అనుమానించాను, సంతలో ఇడ్లీలను అనుమానించాను, పాలను, పాలవాడినీ అనుమానించాను. చివరికి మా కొట్టు కందిపప్పును కూడా. ఆ ఒక్క అనుమానానికే కాస్త ఆధారం ఉంది.

మా అత్తగారు రోజంతా కొట్టు గుమ్మంలోనే కూర్చుంటుంది. ఓ రోజు, ఉప్పు తూకం వేయించుకుంటున్న ఆడవాళ్ళ ముందే, నన్ను ఎగాదిగా చూసి అంది: "ఎవలి సేతి కూడు తిన్నావో ముందది సెప్పు. ఆ కొండమీద అంబలి మానీమంటే ఇన్నావా? అందరి సెయ్యీ ఒక్కలాగుండదు."

నేను కడుపు పట్టుకుని వెనక్కి పరిగెత్తే తొందరలో ఉన్నాను. అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఉప్పు కొన్నవాళ్ళలో వదిన ఊరివాళ్ళున్నారు. ఆ వారమే కొండెక్కినప్పుడు వదిన అంబలి చెంబు అందిస్తే వద్దని, ఆవిడ అరుగు మీదే కూర్చుని నా సీసాలో నీళ్ళు తాగాను. పక్కింటావిడ చూసింది. ఊరు ఆ మాటకీ ఈ సీసాకీ ముడి పెట్టేసింది.

కొన్నాళ్ళకు వదిన మా కొట్టుకు వచ్చింది. చేతిలో సరుకేం లేదు.

"సావుకారమ్మా," అంది. వదినా అనలేదు. "నానేటి సేసినాను నీకు? నా ఇంట నీళ్ళు ఎవలూ ముట్టటం లేదు. పక్కింటిది ఆడుకోటానికొచ్చే దాని గుంటని నా గుమ్మం తొక్కనీటం లేదు. సిల్లంగి అన్న మాట ఇంకా ఎవలూ అన్లేదు. అన్నాక మరింక ఆ ఊళ్ళో నానుండలేను."

చిల్లంగి అంటే చేతబడి. ఆ మాట ఒకసారి పడితే ఏమవుతుందో మా ప్రాంతంలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

"నన్నేం చేయమంటావు వదినా?"

"సామ కొత్త వస్తంది గదా. ఊరంతా ఉంటాది. అందరి ముందూ నా సేతి అన్నం తిను. తినీసి బాగుండు. అంతే."

కొత్త సామలు దేవతకు పెట్టి, ఊరంతా కలిసి తిన్న తర్వాతే ఎవరింట్లోనైనా వండుకునే పండగ అది. వస్తానన్నాను. తినడం నా చేతిలో పని. బాగుండడం ఎవరి చేతిలో ఉందో తెలుసుకోవడానికే విశాఖలో డాక్టరు దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ పరీక్షలు రాసింది. వాటిలో కెమెరా గొట్టం పరీక్ష కూడా ఉంది. అది ఎవరి లాభానికని అనుమానించి, సగం గొట్టంతో సరిపెట్టమని అడిగాను. ఆవిడ నవ్వలేదు. పరీక్షలయ్యాక, పురుగుల్లేవు, పుండు లేదు, పేగు లోపలి పొర కాస్త వాచింది, అంతే అంది.

"ఎందుకు వాచింది?"

"మీ పేగులో లెక్కలేనన్ని బ్యాక్టీరియా కాపురం ఉంటాయమ్మా. వాటికీ మీ ఒంటికీ మధ్య ఉన్న గోడ ఒకే ఒక్క వరుస కణాలు. దాని మీద జిగురు పొర. పుట్టుకతో వచ్చిన కాపలా అక్కడే ఉంటుంది. ఆ కాపలాకి మనుషుల్ని గుర్తుపట్టినట్టు ఎవరు మంచి, ఎవరు చెడ్డ అని పోల్చడం పెద్దగా రాదు. బ్యాక్టీరియా ఒంటి మీద కొన్ని గుర్తులుంటాయి, వాటిని పట్టుకుంటుంది. ఆ గుర్తులు మంచివాటికీ ఉంటాయి, చెడ్డవాటికీ ఉంటాయి."

"అయితే అందరినీ తన్నాలి కదా?"

"తన్నదు. ఎక్కడ దొరికిందో చూస్తుంది. జిగురుకి అవతలుంటే ఊరుకుంటుంది. అవతల వాటి అలికిడి కాస్త తగులుతూ ఉంటేనే గోడ మరమ్మతు కూడా సాగుతుంది. అదే గుర్తు గోడ దాటి ఇవతల కనిపిస్తే మాత్రం గోల. వాపు, నొప్పి, పరుగులు."

నాకు వెంటనే అర్థమైంది. కొట్టు బల్లకు అవతల నిలబడ్డవాడు ఖాతాదారు. వాడే బల్ల దాటి గల్లాపెట్టె పక్కన కనిపిస్తే దొంగ. మనిషి మారలేదు, చోటు మారింది. ఆ మాటే అన్నాను.

"సరిగ్గా అంతే. మీరు ఇష్టమొచ్చినట్టు మింగిన మాత్రలు వాడుక మనుషుల్ని, అంటే మంచి బ్యాక్టీరియాని, తరిమేసి ఉంటాయి. జిగురు పలచబడితే మిగిలినవాళ్ళు బల్ల మీదికే వచ్చేస్తారు. కాపలావాడు అయినదానికీ కానిదానికీ కర్ర తీస్తున్నాడు. ఇదంతా నా అంచనా."

"అయితే ఎవరి చెయ్యీ కాదన్నమాట."

ఏ చెయ్యి అని అడిగితే వదిన సంగతి చెప్పాను. ఆవిడ రిపోర్టులు పక్కన పెట్టింది. "మొదటిసారి చెడ్డ నీళ్ళ వల్ల వచ్చి ఉండొచ్చు. అవి ఎక్కడి నీళ్ళో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. తర్వాతదంతా మీ డబ్బాలో మాత్రల పనే అనుకుంటున్నాను."

మందు మాత్రం రాయలేదు. మాత్రలు మానేయండి, వేడివేడి ఇంటి తిండి కొంచెం కొంచెంగా తినండి, చిక్కుళ్ళ జోలికి కొన్నాళ్ళు పోకండి, అంది. ధర తగ్గించమని బేరమాడి పెరిగినదాన్ని, జీవితంలో మొదటిసారి పెంచమని బేరమాడాను. ఒక్క మాత్రయినా రాయమని బతిమాలాను. లొంగలేదు. మందివ్వని వైద్యం మీద నాకు ఇప్పటికీ పూర్తి నమ్మకం లేదు.

ఇంటికొచ్చి అత్తగారికి గోడ, జిగురు, కాపలా అన్నీ వివరించాను. ఆవిడ శ్రద్ధగా వింది.

"ఆ డాక్టరమ్మకి కూడా నీ కొండమీది వదినే పసుపమ్ముతాదేటి?" అంది.

మాటలతో తేలే వ్యవహారం కాదని అప్పుడు తెలిసింది.

సామ కొత్త నాటికి కడుపు కాస్త కుదుటపడింది. బయల్దేరే ముందు చెయ్యి తనంతట తనే డబ్బా వైపు పోయింది. మూత తీశాను, మాత్ర ముట్టకుండానే మళ్ళీ పెట్టేశాను. ఆ పూట నన్ను నేను నమ్మలేదు, కాపలావాడిని అంతకంటే నమ్మలేదు.

ఊరంతా చెట్ల కింద కూర్చుంది. నన్ను చూడగానే మాటలు తగ్గాయి. వదిన అడ్డాకు డొప్పలో సామ అన్నం పెట్టి, దాని మీద కూర వేసింది. చిక్కుడు గింజల కూర. నాకని విడిగా వండిందట.

"నీకిట్టమని," అంది.

డొప్ప ఖాళీ అయ్యేదాకా తిన్నాను. మొదటి ముద్ద నుంచి చివరి ముద్ద దాకా అన్ని కళ్ళూ నా నోటి మీదే ఉన్నాయి. తర్వాత కడుపు మీదికి దిగాయి. ఎవరూ కదల్లేదు. నేను ఎప్పుడు పొదల వైపు పరిగెడతానా అని ఎదురు చూస్తున్నట్టుంది. కాసేపటికి లోపల మెలిక మొదలైంది. వదిన ఖాళీ డొప్ప తీసే వంకన పక్కకు వంగింది.

"నొప్పెడతందా?"

"లేదు."

"అబద్దాలు నీకలవాటే. లెగిసి పోకు, కూకో."

కూర్చున్నాను. ఊరికే కూర్చుంటే మొహం నొప్పిని బయటపెట్టేస్తుందని, వదిన ఇంట్లో కిందటి పంట పసుపు మిగిలుందేమో తెమ్మన్నాను. తట్ట వచ్చింది. ఒక కొమ్ము తీసి, ఇందులో మట్టి ఉంది, రంగు లేదు, ఈ ధరకు ఎవరు కొంటారు అని మొదలుపెట్టాను. మెలిక వచ్చినప్పుడల్లా గొంతు పెంచాను. వదినకు అర్థమైంది. ఆవిడా గొంతు పెంచింది.

"పండగ పూట నా పీక కొయ్యడానికొచ్చినావా వదినా?"

"నీ పీక నాకెందుకు? పసుపు సంగతి చెప్పు."

ఎవరో ముసలాయన నవ్వాడు. "బేరమాడతంది. ఇంకేటి, బాగానే ఉంది."

పక్కింటావిడ డొప్ప పట్టుకుని మెల్లగా వదిన ముందుకు వచ్చింది. వదిన వడ్డించింది. ఆవిడ వెంటనే తినలేదు, ముందు నా వైపు చూసింది. నేను పసుపు కొమ్మును రెండు చేతులతో పట్టుకుని ఫట్టున విరిచి, ఇది సరిగ్గా ఎండనేలేదని ఊరంతా వినేలా అబద్ధమాడాను. అప్పుడు పక్కింటావిడ ముద్ద నోట్లో పెట్టుకుంది.