పక్కద్దం

గడప దాటేముందు మామయ్య కుడి భుజం మీదుగా మెడ తిప్పి ఒకసారి వెనక్కి చూసేవాడు. అక్కడ ఏమీ ఉండేది కాదు. చెప్పుల వరస, గోడకు ఆనించిన చీపురు, వంటగది తలుపు. అయినా చూసేవాడు. అత్తయ్య లోపల్నుంచి కేకేసేది.

"వెనకాల ఎవరూ హారన్ కొట్టట్లేదు. కదలండి మహానుభావా!"

ఎందుకలా అని అడిగితే లారీవాళ్ల అలవాటు అనేవాడు. లారీవాళ్లు మెడ తిప్పరు. వాళ్లకు అద్దం ఉంటుంది. ఆ సంగతి మాకు చాలాకాలం తట్టలేదు.

మామయ్య చేపల లారీ నడిపేవాడు. రేవు నుంచి పట్నం మార్కెట్‌కు. పెట్టెల్లో ఐసు, ఐసులో చేపలు, పైన పట్టా, పట్టా మీద తాళ్లు. ఆయన వచ్చే రోజు వీధి మలుపులోనే తెలిసిపోయేది. ముందు వాసన వచ్చేది, తరవాత మనిషి. అత్తయ్య పెరట్లో నీళ్లు తోడి ఉంచేది. స్నానం అయ్యేదాకా గుమ్మం తొక్కనిచ్చేది కాదు. తడి బనీను, సబ్బు, సబ్బు అడుగున ఇంకా పోని చేపల వాసన. ఇప్పటికీ ఎక్కడైనా ఐసు కరుగుతుంటే నాకు ఆ పెరడే గుర్తొస్తుంది.

లారీ ఓనరుది. దాని కుడివైపు గుండ్రటి అద్దం మాత్రం మామయ్య సొంతం, తనే కొని బిగించుకున్నాడు. ఉబ్బెత్తు అద్దం. వెనక రోడ్డంతా చూపించేది, కాకపోతే అన్నీ చిన్నవిగా. పెళ్లయినప్పటి నుంచీ అదే బండి. అత్తయ్య దాన్ని సవతి అనేది.

"నీ సవతికి ఇవాళ కడుపు నిండా డీజిలు పట్టించా" అని ఆయన అంటే, "నాకు పిడికెడు ఉప్పు తేవడం మాత్రం మర్చిపోయారు" అని ఆవిడ.

ఆయన బండి వెనకే ఇంకో చేపల లారీ వెళ్లేది. దాని డ్రైవరును అందరూ తాడు అనేవారు. కాస్త దూరం పోగానే దిగి పట్టా తాళ్లు బిగించకపోతే ఆయనకు ఊపిరాడదు. వరసేమీ లేకపోయినా మామయ్య ఆయన్ని బావా అని పిలిచేవాడు.

షెడ్డులో బళ్లు కడిగే చోట డ్రైవర్లు మడతమంచాల మీద కూర్చుని ఎప్పుడూ ఒకే విషయం మీద వాదించుకునేవారు. రోడ్డు మీద ఎవరికైనా దెబ్బ తగిలితే లారీవాడు ఆగాలా, వద్దా.

"ఆగావో, నువ్వే కొట్టావంటారు" అనేవాడు తాడు. "జనం ముందు చెయ్యి చేసుకుంటారు. ఎవరు నువ్వని తరవాత అడుగుతారు."

"కళ్లెదురుగా పడితే ఎలా వదిలేస్తాం బావా?"

ఈ తగవు తీర్చడానికి షెడ్డులో పెద్ద డ్రైవరొకాయన ఎప్పుడో ఒక లెక్క చెప్పి పోయాడు. ముందద్దంలో కనబడింది మనది. పక్కద్దంలో కనబడింది వెనకాల వాళ్లది. ఆ లెక్కలో అన్యాయం ఎవరికీ కనిపించలేదు. ముందద్దంలో కనబడిన వాళ్లను మామయ్య ఎంతోమందిని ఎక్కించుకున్నాడు. రిక్షా బోల్తాపడిన ఒక నిండు చూలాలిని ఆస్పత్రికి చేర్చి, పుట్టిన బిడ్డను చేపపిల్ల అని పిలవమని సలహా ఇచ్చి, వాళ్ల అమ్మమ్మ చేత తిట్లు తిన్నాడు.

ఆగిన ప్రతిసారీ ఐసు కరిగేది. ఆ ఎండాకాలం ఓనరు తేల్చి చెప్పేశాడు.

"ఇంకోసారి ఐసు నీళ్లయి చేరిందంటే, బండి ఇంకొకరికి."

ఆ తరవాత కొన్నాళ్లకే అది జరిగింది. మధ్యాహ్నం, ఎండలో రోడ్డు తెల్లగా మెరుస్తోంది. ముందు ఒకతను సైకిలు తొక్కుతున్నాడు. సైకిలుకు కత్తులు నూరే సాన చక్రం కట్టి ఉంది. మామయ్య అతనికి బోలెడంత దారి వదిలి దాటాడు. దాటాక అద్దంలో చూశాడు. పక్క దారిలోంచి ఒక జీపు వచ్చింది. సైకిలు పడింది. జీపు ఆగలేదు. వాటి వెనక, దూరంగా, ఒక లారీ వస్తోంది.

తాడు ఉన్నాడుగా అనుకున్నాడు మామయ్య. పక్కద్దంలో కనబడింది వెనకాల వాళ్లది. బండి ఆపలేదు.

టీ కొట్టు దగ్గర ఆగి ఎదురుచూశాడు. తాడు వచ్చాడు, కానీ ఇంకో రోడ్డు మీదుగా.

"ఎలా ఉన్నాడు బావా?"

"ఎవడు?"

"సాన మనిషి. నువ్వు ఆగలేదూ?"

"ఏ సాన మనిషి? వంతెన దగ్గర తాడు వదులైతే దిగా. తరవాత రైలు గేటు పడుతుందని పాత రోడ్డు పట్టుకొచ్చా."

"మరి నా వెనకాల వచ్చింది?"

"నేను కాదు."

మామయ్య గ్లాసు కింద పెట్టాడు.

"ఈపాటికి ఎవరో ఒకరు ఎత్తే ఉంటార్లే" అన్నాడు తాడు. "నీ ఐసు సంగతి చూసుకో. ఓనరన్న మాట గుర్తుందా?"

"ఎవరో ఒకరంటే నేననుకున్నది నిన్నే."

లారీ వెనక్కి తిప్పాడు. సాన మనిషి రోడ్డు పక్కనే పడి ఉన్నాడు. దారిన పోయేవాళ్లు కొందరు చుట్టూ నిలబడి చూస్తున్నారు. కాలు మోకాలి కింద వంకర తిరిగింది. మామయ్య రెండు చేతులా ఎత్తుకున్నాడు.

"నా చక్రం" అన్నాడు అతను.

"చక్రాన్నీ ఎక్కిస్తా. ముందు నువ్వెక్కు."

ఆస్పత్రి ముందు లారీ నిలబడి ఉండగా వెనకనుంచి ఐసునీళ్లు మెట్ల దాకా పారాయి. నర్సు ముక్కు మూసుకుంది.

"ఏంటీ కంపు?"

"నాదేనమ్మా. అతనిది కాదు."

సాన మనిషి తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు. వస్తూనే మామయ్య చొక్కా పట్టుకున్నాడు.

"నువ్వేనా కొట్టింది?"

"కాదు బాబూ."

"కొట్టనివాడివి ఎందుకు తిరిగొచ్చావ్?"

"అద్దంలో చూశాను."

"చూసి వెళ్లిపోయావా?"

తమ్ముడు చెయ్యెత్తాడు. దెబ్బ పడేదే. బల్ల మీంచి సాన మనిషి అరిచాడు.

"ఒరేయ్, వదలరా! ఆయన నాకు దారిచ్చి పోయాడు. కొట్టింది జీపురా!"

తరవాత చాలా ఏళ్లు ఆ సాన మనిషి కుంటుకుంటూ మా వీధికి వచ్చేవాడు. మా కత్తెరలు ఎప్పుడూ పదునుగా ఉండేవి. అతని చక్రం మీంచి నిప్పురవ్వలు లేస్తుంటే చూడడానికి మేం బడి నుంచి పరిగెత్తుకొచ్చేవాళ్లం.

ఆ సాయంత్రం మాత్రం మార్కెట్ గేటు మూసేశాక లారీ చేరింది. పెట్టెల్లో నీళ్లు, నీళ్లలో చేపలు. ఇంటికొచ్చి, స్నానం చేసి, మామయ్య కంచం ముందు కూర్చున్నాడు. అన్నం కలపలేదు.

"ఎంత చిన్నగా కనబడ్డాడనుకున్నావ్" అన్నాడు అత్తయ్యతో. "దారిలో తువ్వాలు జారిపడితే ఎంత ఉంటుంది? అంతే ఉన్నాడు. ఎత్తితే మనిషి బరువు."

అత్తయ్య ఇంకో గరిటె పులుసు పోసింది.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకు వెళ్లాడు. మేకుకు బండి తాళం లేదు. ఓనరు కుర్చీలో ఉన్నాడు.

"నువ్వు కొట్టలేదని నాకు తెలుసయ్యా. కొట్టనప్పుడు వెనక్కి పోవడం దేనికి? తాళం వేరే అతనికి ఇచ్చేశా."

"అలాగేనండీ. అద్దం మాత్రం నాది."

"తీసుకుపో."

మామయ్య పానా తెచ్చి మరలు విప్పాడు. తాడు వచ్చి అద్దం కింద పడకుండా పట్టుకున్నాడు.

"అయితే ఇకనుంచి పక్కద్దంలో కనబడినా ఆగాలంటావా?"

"నీ ఇష్టం బావా. వెనకాల నేనున్నానులే అని మాత్రం పోకు."

అద్దం ఇంటికి తెచ్చి గుమ్మం పక్కన మేకుకు తగిలించాడు. అత్తయ్య తొంగిచూసింది.

"నా సవతి ఆస్తి ఇదేనా? ఇందులో నా మొహం చింతగింజంత ఉంది."

"దాంట్లో అన్నీ దూరంగానే కనబడతాయి. నమ్మకు."

తల దువ్వుకున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఇంకో షెడ్డులో పని అడగడానికి బయల్దేరి, గడప దగ్గర ఆగాడు. పక్కనే అద్దం ఉంది. అందులోకి చూడలేదు. కుడి భుజం మీదుగా మెడ తిప్పి వెనక్కి చూశాడు.

"ఎవరున్నారని?" అంది అత్తయ్య.

"చూస్తున్నా" అన్నాడు.

చూసి, చెప్పులు వేసుకుని, వెళ్లాడు.