మూత లేని కుండ

మా అత్తగారు మొన్నామధ్య ఒక సోమవారం పొద్దు పొడవకముందే కన్నుమూశారు. ఆ కబురు నాకు తణుకు సంతలో అందింది. బల్ల మీద నిలబడి తాగుడు మీద వాక్యం చెబుతున్నాను. మా వీధి పడవ మనిషి జనాన్ని తోసుకుంటూ వచ్చి, "బోధకుడుగారూ, ఇంక ఆపండి. మీ అత్తగారు వెళ్లిపోయారండి" అన్నాడు. సత్యవేదం నా చేతిలో తెరిచే ఉంది. మూయడం కూడా మరిచి బల్ల దిగాను.

ప్రియులారా, పచ్చి నిజం చెబుతాను. కాలువ గట్టు మీద ఇంటికి నడుస్తుంటే నాకు మొదట వచ్చింది దుఃఖం కాదు, భయం. ఇంకో పదిహేను రోజుల్లో చలికాలపు వేకువ ప్రార్థన కూటాలు మొదలు. ఆ కూటాలకి ద్రాక్షారసం కాచే పొయ్యి దగ్గర ఇక ఎవరు నిలబడతారు? ఆ పని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. లోకంలో ఆ కుండ దగ్గర నిలబడకూడనివాణ్ణీ నేనే.

నన్నెరుగని వాళ్ల కోసం రెండు మాటలు. నేను ఏ బడిలోనూ కూర్చోలేదు. పడవ నడిపే సరంగుగా ఉంటూ, తెరచాప నీడలో అక్షరం అక్షరం కూడబలుక్కుని వేదం చదవడం నేర్చుకున్నాను. అంతకుముందు అదే పడవ మీద తాగుబోతును. ఒకనాటి సాయంత్రం మత్తులో పడవకి తాడు కట్టకుండా గట్టు మీద పడి నిద్రపోయాను. పడవలో నా భార్య ఉంది. పడవ కాలువ నీళ్లు ఆపే లాకు తలుపుల దాకా కొట్టుకుపోయింది. లాకు మనిషి కొక్కెం వేసి లాగకపోతే ఆమె ఈనాడు లేదు. ఆమె వేసిన కేక గట్టు మీద నన్ను లేపింది. ఆ రోజుతో మానేశాను. మానేశాను అని ఒక్క మాటలో రాస్తున్నాను గాని, మానినవాడు బతికేది భయంలోనే. కల్లు దించే వేళ తాడితోపు పక్కనుంచి పోవలసి వస్తే, పొలానికి పొలం చుట్టు తిరిగిపోయేవాణ్ణి.

అలాంటి నాకు పిల్లనిచ్చిన అత్తగారు, కూతుర్ని దాదాపు నీళ్లలో పోగొట్టుకున్న తల్లి, ఆ సంగతి మీద నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆవిడ మిషను బంగళాలో వంట చేసేవారు. క్రిస్మసు చలికి దొరసాని వాళ్ల దేశపు అలవాటున ద్రాక్షారసంలో దినుసులు వేసి వెచ్చబెట్టించుకునేదట. మన చేలల్లో నీళ్లలో నిలబడి కోతలు కోసి వచ్చేవాళ్లకీ ఇది పనికొస్తుంది కదా అని మా అత్తగారికి తోచింది. రాజమహేంద్రవరం నుంచి నల్ల ఎండుద్రాక్ష తెప్పించి, వరి పొట్ట మీద ఉండగా జాడీలో బెల్లంతో నానబోసి, మూతికి గుడ్డ కట్టి ఊకలో పెట్టేవారు. కోతలయ్యేసరికి అది పులిసి, తేరి, ఎర్రగా నిలిచేది. కూటం రోజున చీకటితో లేచి, వడకట్టి, కుండకెత్తి, లవంగం, దాల్చినచెక్క, శొంఠి, నారింజ తొక్క గుడ్డలో మూటగట్టి అందులో వేలాడదీసేవారు. లవంగాన్ని గోటితో నొక్కి, నూనె కనబడితేనే మూటలో వేసేవారు. కుండ పొయ్యి మీదున్నంతసేపూ కూర్చునేవారు కాదు. "దానికి మనం కూచున్నామని తెలిసిపోద్దండి, పొంగిపోద్ది" అనేవారు. తాను మాత్రం చుక్క ముట్టేవారు కాదు. మజ్జిగ మనిషి.

ప్రార్థన అయ్యాక, మంచుకి తడిసిన కంబళ్లు భుజాన వేసుకుని వరసగా కూర్చున్న వాళ్లందరికీ మట్టి గిన్నెల్లో తానే పోసేవారు. నా దగ్గరికి కూడా వచ్చేవారు. అందరి ఎదుటా అత్త చేతి గిన్నెని అల్లుడు తోసేయగలడా? పుచ్చుకునేవాణ్ణి. కళ్లు మూసుకునేవాణ్ణి. వేదంలో జలప్రళయాన్ని దాటిన నీతిమంతుడు తన ద్రాక్షతోట దగ్గర తాగి పడిపోయిన సంగతి నా కళ్ల ముందు నిలిచేది. గబుక్కున తాగేవాణ్ణి. తరవాత రోజంతా నా ఒళ్లు నేనే కాపలా కాసుకునేవాణ్ణి. ఏమీ అయ్యేది కాదు.

మా సంఘపు పెద్ద ఒకాయన ఏటా నవ్వేవాడు. "ఇదేంటమ్మా, ద్రాక్షారసమా కషాయమా? దొరసాని దగ్గర మీరు నేర్చుకున్నది సగమే అయ్యుంటుంది."

"అంతేనండి, సగమే వచ్చిందండి నాకు" అని మా అత్తగారు గిన్నెలు ఎత్తుకుని వెళ్లిపోయేవారు.

ఏమీ కాకపోవడం నా తలకెక్కింది. ఎక్కడికి వెళ్లినా అదే సాక్ష్యం. "నేను మహా తాగుబోతును! ఇప్పుడు ఏటేటా ద్రాక్షారసపు గిన్నె నోటికి ఆనిస్తున్నాను, అది నన్ను తాకలేకపోతోంది! చూడండి విశ్వాసపు బలం!" అని గొంతు చించుకునేవాణ్ణి. అందరూ విడిచిపోయినా నేను విడువనన్న శిష్యుడు కోడి కూయకముందే ప్రభువుని ఎరగనని ఎలా బొంకాడో వందసార్లు బోధించిన నోటితోనే ఆ మాట చెప్పేవాణ్ణి. వెనక వరసలో కూర్చుని మా అత్తగారు తల వంచుకుని వినేవారు. ఆవిడ మురిసిపోతున్నారనుకునేవాణ్ణి.

ఒక ఏడు కూటానికి పొరుగూరి నుంచి పెద్దలు వస్తున్నారు. ఆ వేకువన మా అత్తగారు కుండ పొయ్యి మీద పెట్టారో లేదో, బంగళా నుంచి దొరసాని కబురు పెట్టింది. నా భార్యకి కుండ అప్పగించి వెళ్లారు. నేను వచ్చి చూస్తే కుండ మూత లేకుండా ఉంది. వాసన వీధి చివరి దాకా కొడుతోంది. అవతల ఎవడో, "కిరస్తానీలు కూడా పొద్దున్నే మొదలెట్టేశార్రోయ్!" అని నవ్వుతున్నాడు. నా రక్తం ఉడికిపోయింది. సంఘం పరువు పోతోందని మూత తెచ్చి బోర్లించాను. దాని చుట్టూ తడిగుడ్డ చుట్టి బిగించాను. పొంగకుండా కట్టెలు వెనక్కి లాగాను.

"అమ్మ మూత పెట్టొద్దంది" అని నా భార్య అంది.

"మీ అమ్మకి వంట తెలుసు, సాక్ష్యం నాకు తెలుసు" అన్నాను.

అత్తగారు వచ్చేసరికి ఆఖరి పాట నడుస్తోంది. ఆ హడావిడిలో మూత తీసి పోసేశారు. సంఘపు పెద్ద ఒక గుక్క వేసి, "అబ్బబ్బ! ఇన్నాళ్లకి మిగతా సగం కూడా వచ్చిందమ్మా మీకు!" అన్నాడు. ఆవిడ చెయ్యి గాలిలో ఆగిపోయింది. నా వైపు చూశారు. నా గిన్నె అప్పటికే ఖాళీ.

గొంతులోంచి వేడి దిగి, కణతల్లోకి ఎక్కి, వేళ్ల చివరలకి వచ్చింది. దాన్ని నేను ఎరుగుదును. ఇన్నేళ్ల తరవాత వచ్చినా నా ఇంటి దారి మరిచిపోలేదు. ప్రార్థన చెప్పవలసినవాణ్ణి లేచి బయటికి నడిచాను. తాడితోపు రమ్మంటే కాళ్లు పోయాయి. కల్లు పాకలో ఉన్న ఒకడు నన్ను చూసి, "రండి బోధకుడుగారూ! వాక్యం చెప్పి చెప్పి గొంతెండిపోయిందా?" అన్నాడు. తాటాకు దొన్నె నా చేతిలో పెట్టాడు. నురుగు నా బొటనవేలి మీదికి కారింది.

అప్పుడు మా అత్తగారు వచ్చారు. రొప్పుతూ వచ్చి, ఆ మగవాళ్ల మధ్యన, పాక ముందు మట్టిలో చతికిలబడ్డారు. దొన్నె లాక్కోలేదు.

"కుండ మీద మూత ఎవరు పెట్టారండీ?"

"నేనే."

"ఎందుకండీ?"

"వాసన వీధిలోకి పోతోందని."

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తరవాత చూస్తే కళ్లనిండా నీళ్లు. "పోవలసింది అదేనండి అల్లుడుగారూ. ఆ పోయేదాంతోపాటే దాని కైపంతా పోద్ది. దొరసాని మూతపెట్టి గోరువెచ్చగా దింపేస్తది. నేను తెరిచి కాస్తాను, పోయేదాకా కాస్తాను. ఇన్నేళ్లూ అలాగే కాశాను."

"నా కోసమా?"

"మరెవరి కోసమండీ? అందరి మధ్యా మీరొక్కరే ఒట్టి చేతుల్తో కూచుంటే మా అమ్మాయి ముఖం ఎక్కడ పెట్టుకుంటుంది?"

నా విశ్వాసపు బలం! ఎన్ని ఊళ్లలో చాటానో, ఎన్ని బల్లలు గుద్దానో! అదంతా ఒక ముసలావిడ పొయ్యి దగ్గర నిలబడిన కాళ్ల నొప్పి. అది తెలిశాక నాకు వేసిన భయం ముందెన్నడూ వేయలేదు. కాళ్ల కింద ఉందనుకున్న నేల లేదు. "మరి ఇప్పుడు నేనేం చెయ్యాలత్తా?" అని అడిగాను. చిన్నపిల్లవాడిలా అడిగాను.

"నాకేం తెలుసండీ, చదువుకున్నవారు మీరు. మీరు తాగితే ఆపే బలం నాకు లేదు. ఇక్కడ కూచుంటానంతే."

కూర్చున్నారు. పొద్దు తాడిచెట్ల పైకి ఎక్కింది. కల్లు మీద నురుగు చచ్చిపోయి ఈగలు వాలాయి. దొన్నె కింద పెట్టాను. ఇద్దరం ఇంటికొచ్చాం. దారిలో ఒక్కటే అన్నారు: "భయం పోయిందని మీకు అనిపించిన రోజున నాకు చెప్పండి. ఆ రోజు నుంచి మీకు గిన్నె ఇవ్వను."

మరుసటి ఏడు నన్ను పొయ్యి దగ్గరికి పిలిచి పరీక్ష నేర్పారు. తాటాకు ఈనె వెలిగించి ఉడికే రసం పైన ఆవిరికి చూపిస్తే, కైపు ఉన్నంతసేపూ నీలి మంట రసం మీద పాకుతుంది. అది అంటుకోవడం మానేదాకా దించకూడదు. ఆవిరి మీదికి ముఖం పెట్టవద్దని నన్ను రెండడుగులు దూరాన నిలబెట్టేవారు. ఆ తరవాత ఏటేటా ఈనె నా చేత పట్టించారు. నా చెయ్యి వణికితే, "వణకనివ్వండి, మంట బాగా కనపడుద్ది" అనేవారు.

ఆవిడని మట్టి చేసిన పదిహేను రోజులకి మొదటి కూటం జరిగింది. ఈ మాటలు ఆ కూటం మర్నాడు రాస్తున్నాను. నిన్న వేకువన నేనొక్కణ్ణే కుండ ఎత్తి పెట్టాను. మంచు పెరట్లోకి దిగి, పొయ్యి వెలుగు తప్ప ఏమీ కనబడలేదు. లవంగం వాసన లేచేసరికి నోట్లో నీళ్లూరాయి. ఆ నీళ్లకి భయపడ్డాను. తోడు ఉండమని నా భార్యని పిలుద్దామనుకుని, పిలవలేకపోయాను. ఆ పడవలో ఉన్నది ఆమే కదా.

పెరటి తడిక దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు. ఈ ఏటి వానాకాలంలో బాప్తిస్మం పుచ్చుకున్న మనిషి, మొన్నటిదాకా తాళ్లెక్కి కల్లు గీసినవాడు, గీసినంతా తాగినవాడు.

"లోపల కూటం మొదలైందయ్యా, వెళ్లి కూర్చో" అన్నాను.

"వెళ్లలేనండి. ఆ వాసనకే నా కాళ్లు నిలవట్లేదండి. పెద్దవారు మీరు, మీకేం భయమండీ."

సాక్ష్యం నాలుక చివరి దాకా వచ్చింది. పాత సాక్ష్యం, బల్లలు గుద్దిన సాక్ష్యం. దాన్ని మింగేసి, వణుకుతున్న నా చెయ్యి చాపి చూపించాను. అతను దాన్ని చాలాసేపు చూశాడు. తడిక తోసుకుని లోపలికి వచ్చాడు. ఈనె వెలిగించి అతని చేతికిచ్చి, నా రెండు చేతులతో అతని మణికట్టు పట్టుకున్నాను. రసం మీద నీలం పాకింది. ఆరింది. మళ్లీ వెలిగించాం, మళ్లీ పాకింది. లోపల పాట అయిపోయింది. "బోధకుడుగారూ, గిన్నెలండీ!" అని ఎవరో కేకేశారు. మేమిద్దరం కదల్లేదు. ఇంకా నీలంగానే ఉంది.