వెనక గేరులో దున్నిన చేను

పోయిన నెల నంద్యాలలో మా పెద్దోడి ఇంటికి పోయినప్పుడు, వాకిట్లో ఉన్న పాత కారును ఎవరో లారీ మీదికి ఎక్కించుకుపోతుంటే ఎక్కడికని అడిగాను. దానికి వయసు దాటిపోయింది, తుక్కుకు ఇచ్చేశామన్నాడు. ఇంజను మోగుతూనే ఉంది, సీట్లు కూడా చిరగలేదు. నేను చదివింది మూడో తరగతి వరకే, పైవాళ్ల నిబంధనలు నాకు తెలియవు గానీ, నడుస్తున్న బండి చచ్చిపోయిందని ఎట్లా తేలుస్తారో ఎంత ఆలోచించినా నాకు బోధపడలేదు.

మా కాలంలో బండికి రెండో బతుకు ఉండేది. ముందు నుంచి చూస్తే కారు మొహం, వెనక నుంచి చూస్తే లారీ చక్రాలు, నడుమ ఒక చెక్క పలక మీద కూర్చున్న రైతు, అట్లాంటి ట్రాక్టర్లు ఆళ్లగడ్డ పక్క పల్లెల్లో తిరిగేవని మీలో నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. నంద్యాల షెడ్లలో మేస్త్రీలు పాత జీపులనూ లారీలనూ కోసి, దాని ముందు దీనికీ దీని వెనక దానికీ అతికించి ఇచ్చేవాళ్లు. అట్లాంటిది మా ఇంట్లోనూ ఒకటి ఉండేది, దాన్ని చేయించింది నేనే.

మా మామకు ఒక జీపు ఉండేది. ఆయనకు చూపు తగ్గాక అది శిరివెళ్ల దగ్గరి మా ఊళ్లో, మా కొట్టం పక్కనే ఏళ్ల తరబడి పడి ఉంది. దాని మీద వేపాకు రాలేది, సీటు మీద కోళ్లు గుడ్లు పెట్టేవి. పనికొచ్చే వస్తువు ఊరికే పడి ఉంటే నాకు అన్నం సయించేది కాదు, ఇప్పటికీ అంతే. ఒక ఏడు మేత కరువైంది. ఎద్దులకు పెట్టడానికి చొప్ప లేదు, ఉన్న ఎద్దుల్లో ఒకదానికి కాలు కూడా సరిగా లేదు. ఎద్దుల్ని అమ్మేసి, జీపును ట్రాక్టరు చేయిద్దామని మా ఇంటాయన దగ్గర పట్టుబట్టాను. ఆయనకు ఇష్టం లేదు. ఆ ఎద్దుల్ని ఆయన దూడలప్పటి నుంచి సాకాడు. అయినా వారం పాటు నేను పట్టు విడవకపోతే, వాటిని తోలుకుపోయి ఆళ్లగడ్డలో అమ్మి, వట్టి పలుపులు భుజాన వేసుకొని వచ్చాడు.

చిత్త కార్తెలో మంచి వాన పడింది. మాది నల్లరేగడి. నేలలో పదును ఆరకముందే గుంటక తోలి మన్ను గుల్ల చేసి శనగ విత్తనం పడాలి, నాలుగైదు రోజులు దాటితే నేల బిగుసుకుపోయి ఆ ఏడు పంట ఆశ వదులుకోవాల్సిందే. సరిగ్గా ఆ సమయానికి నంద్యాల నుంచి మా జీపు ట్రాక్టరు లారీ మీద వచ్చింది. షెడ్డులో దాన్ని దిమ్మెల మీద ఎత్తి పెట్టి నడిపి చూశారట, చక్రాలు గిర్రున తిరిగాయట. అవి ఎటు తిరిగాయో చూడాలన్న ఆలోచన అక్కడ ఎవరికీ రాలేదు.

మిట్ట పక్కన లారీ ఆపి, దాన్ని చేతులతో తోసి దించారు. ఊరు ఊరంతా వచ్చింది. నేను పసుపూ కుంకుమా పెట్టి, టెంకాయ కొట్టి పక్కకు జరిగాను. మా ఇంటాయన ఎక్కి గేరు వేసి వదిలాడు. అది ముందుకు రాలేదు. సర్రున వెనక్కి పోయి మా గడ్డివామిలో దూరింది. రెండో గేరు వేస్తే ఇంకా వేగంగా, మూడో గేరు వేస్తే మరీ వేగంగా వెనక్కే పోయింది. దానికి వెనక వేసిన పాత లారీ ఇరుసును తిరగేసి బిగించారని తర్వాత తెలిసింది గానీ, ఆ పూట మాకు ఏమీ పాలుపోలేదు. మా మామ చూపు ఆనక, బండి వస్తుందా పోతుందా అని అందరినీ అడుగుతున్నాడు. ఎవరో నవ్వారు. మా అత్త మాత్రం నవ్వలేదు.

"ఎద్దులైతే మూతి యాడుంటే ఆడికే పోతాండె గదమ్మా" అంది నాకేసి చూసి.

ఎద్దులు లేవు. ఊళ్లో ఎవరి ఎద్దులూ ఖాళీ లేవు, అందరిదీ అదే పదును. మేస్త్రికి కబురు పంపి, ఆయన వచ్చి విప్పి మళ్లీ బిగించేలోగా చేను రాయి అవుతుంది. ఇంటిల్లిపాది తిండిని నా మొండితనంతో మన్నుపాలు చేశానని అర్థమైంది. మామ ఎదుట ఎన్నడూ నోరు విప్పని దాన్ని, ఆ పూట బండి దగ్గరికి పోయి, ఇంకో గేరు ఉంది కదా, అది వేయమన్నాను.

"అది ఎనక్కి పోయే గేరు" అన్నాడు మా ఇంటాయన, విసుగ్గా.

"ముందుకు పోయేటివి ఎనక్కి పోతాండాయి గదా. ఎనక్కి పోయేది యాడికి పోతాదో చూడు."

ఆయన నన్ను ఒక్క క్షణం చూసి, వేశాడు. బండి మూలుగుతూ, తాబేలు మాదిరి ముందుకు కదిలింది. ఆ నిదానమే మాకు కావలసింది. ఆ గేరులో ఎంత బలముందో ఏమో, గుంటక కడితే నల్లరేగడిని మెత్తగా చీల్చుకుంటూ పోయింది. నాలుగు రోజుల్లో విత్తనం పడింది. ఆ ఏడు శనగ బాగానే పండింది.

విత్తనం అయిపోయిన మరునాడు, మా కబురు అంది మేస్త్రి బస్సు దిగి వచ్చాడు. చూసి కాసేపు తల గోక్కున్నాడు, తర్వాత బలం కోసమే అట్లా బిగించానన్నాడు. అది నిజమో కాదో నాకు నేటికీ తెలియదు. కావాలంటే సరిచేసి ఇస్తానన్నాడు కూడా.

"ఉండనీలేప్పా. ఇట్లే బాగుండాది" అన్నాడు మా ఇంటాయన.

నేను మజ్జిగ చెంబుతో అక్కడే ఉన్నాను. నా మీద కోపం లేదనుకొని గుండె తేలికైంది. కానీ అదే సాయంత్రం ఆయన కొట్టంలోకి పోయి, ఎద్దులు లేని మేత గాడిని శుభ్రంగా ఊడ్చి, చాలాసేపు దాని అంచు మీద కూర్చున్నాడు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు, ఆళ్లగడ్డ పోయినప్పుడల్లా ఎద్దుల్ని కొన్న రైతు ఊరి మీదుగా చుట్టు తిరిగి వచ్చేవాడని మా మరిది చెప్పాడు. ఆ బండిని మాత్రం ఎవరినీ తాకనిచ్చేవాడు కాదు. ఈ రెండింటినీ ఒకచోట పెట్టి చూస్తే ఆయన మనసులో ఏముందో నాకు ఎప్పుడూ అందలేదు.

అడిగితే చెప్పేవాడేమో. మా రోజుల్లో మొగుడూ పెళ్లాలం విత్తనం గురించీ మేత గురించీ మాట్లాడుకున్నామే గానీ, నీకు బాధగా ఉందా అని అడగడం మాకు రాలేదు. ఇప్పుడు మా మనవరాలు దాని మొగుణ్ణి కూర చప్పగా ఉందా అన్నంత సులువుగా, నా మీద కోపమొచ్చిందా అని అడుగుతుంది, అతనూ వచ్చిందనో రాలేదనో చెప్పి లేచిపోతాడు. మొదట్లో నాకది సిగ్గులేనితనంగా తోచేది. మా ఇంటాయన పోయి తొమ్మిదేళ్లయింది. ఇప్పుడు ఆ పిల్ల అడుగుతుంటే పని మానుకొని వింటూ కూర్చుంటాను.