గట్టయ్య సార్ తిట్టనిది నన్నొక్కణ్ణే

నిన్న ఫస్ట్ షిఫ్ట్ అయిపోయి మూడు దాటాక గనిలోంచి పైకొచ్చాను. లోపలికి ఫోన్ తీసుకెళ్లం కదా. లాకర్‌లోంచి తీసి ఆన్ చేశాను.

మా కాలేజీ బాస్కెట్‌బాల్ గ్రూపులో వందకు పైగా మెసేజ్‌లు.

మా కోచ్ గట్టయ్య సార్ ఇక లేరట.

తెల్లవారుజామున హార్ట్ ఎటాక్. మధ్యాహ్నానికే గోదావరి ఒడ్డుకు తీసుకెళ్లారు. నేను మొహం కూడా కడుక్కోకుండా బండి మీద వెళ్లేసరికి చితి సగం కాలిపోయింది. మావాళ్లంతా వెళ్లిపోయారు.

ఇంటికొచ్చి గ్రూపు మొత్తం చదివాను. ఏడుపొస్తుందనుకుంటే కుళ్లు పుట్టింది. దాచుకోవడం ఎందుకు, నిజమే చెబుతున్నా.

ఒక్కొక్కడూ సార్ తనను తిట్టిన తిట్టును మెడల్ లాగా పెట్టుకున్నాడు.

శ్రీకాంత్ ఒకసారి రింగ్ కిందిదాకా వెళ్లి కూడా బాల్ వేయకుండా పాస్ ఇచ్చాడు. సార్ ఆట ఆపి మరీ అన్నారు.

"ఏందిరా, రింగు నీ మేనమామ బిడ్డనా, జూసి సిగ్గుపడుతున్నవ్?"

ఆ పోస్టుకు ఎనభై లైకులు. ఆ రోజు నేనూ కోర్టులోనే ఉన్నాను. అప్పుడూ కుళ్లుకున్నాను.

నిజం మాట్లాడుకుంటే మా టీమ్ జిల్లా దాటి గెలిచింది లేదు. కాలేజీ షోకేసులో కప్పులు రెండో మూడో. సార్ మాకు ఇచ్చి వెళ్లింది ఆ తిట్లే. ఎవడికి తగ్గట్టు వాడికి, కొలతలు తీసి కుట్టినట్టు ఉండేవి. అవి పడ్డవాళ్లంతా బాగుపడ్డారు.

నా వంతుకు ఒక్కటీ రాలేదు.

కాలేజీలో చేరిన రెండు నెలలకే మా బాపు జబ్బు చేసి పోయాడు. అప్పట్నుంచి సార్ నా మీద గొంతు పెంచలేదు. జాలి. ఆ జాలి నాకు అస్సలు నచ్చేది కాదు.

ప్రాక్టీస్‌కు లేటైతే ఎవడైనా సరే గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు, రౌండ్‌కో తిట్టు. అది సార్ రూల్.

ఒకరోజు కావాలనే సైకిల్ స్టాండ్ వెనక అరగంట దాక్కుని వెళ్లాను.

సార్ నన్ను చూసి విజిల్ నోట్లోంచి తీశారు. దగ్గరికొచ్చారు.

"మీ అమ్మకు పానం మంచిగున్నదారా? తిన్నవా?"

అంతే. బాల్ నా చేతిలో పెట్టారు.

అదే రోజు లేటుగా వచ్చిన రాజేశం రౌండ్లు కొడుతూ, తిట్లు తింటూ నవ్వుతున్నాడు. వాడి మీద నాకు ఇప్పటికీ కోపమే.

నిన్న సార్ దగ్గరికి లేటుగా వెళ్లింది మాత్రం కావాలని కాదు.

అందుకే ఈ పొద్దున కాలేజీ గ్రౌండ్‌కు వెళ్లాను. రౌండ్లు మొదలుపెట్టాను. ఆరో రౌండ్‌కే ఆయాసం వచ్చింది. మిగతా నాలుగూ నడిచాను.

పరిగెత్తమంటే నడిచినవాణ్ణి మీరు ఎన్నడూ ఊరికే వదల్లేదు సార్.

ఈసారి బాపు లేనివాడని నన్ను వదిలేయకండి.

ఒక్క తిట్టు తిట్టి, ఆ తర్వాత హాయిగా రెస్ట్ తీసుకోండి.