బండి కళ్లకు కుంకుమ

ఇది నేను ఇంతకుముందు రాయలేకపోయాను. చిన్నప్పుడు బడికి పంపలేదు, అది ఒక కారణం. తల నెరిశాక చర్చి వరండాలో పాస్టరమ్మ దగ్గర కూర్చుని అక్షరాలు దిద్దుకున్నాను. చదవడం తొందరగానే పట్టుబడింది, రాయడమే కుదరలేదు. నాపరాళ్లు మోసి మోసి వేళ్లు బిగుసుకుపోయాయి. పెన్ను పట్టుకుంటే గడ్డపార పట్టుకున్నట్టే ఉంటుంది. అదీ కాస్త అలవాటయ్యాక ఈ సంగతి రాద్దామని కూర్చుంటే కోపం వచ్చేది. కోపంలో నా చేతికి ఒత్తులు రావు, కాగితం చినిగేది. "రాసి ఎవురికి సూపిస్తావుమే, నా పని పోగొట్టేదానికా?" అని మా ఆయన అడ్డం పడేవాడు. ఇప్పుడు ఆయన ఆ పనిలో లేడు. సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర కావలి ఉంటున్నాడు. నా కోపం ఎక్కడికీ పోలేదు గాని, చేయి మాత్రం కుదిరింది.

ఎర్రగుంట్ల దాటి కొంత దూరం పోతే గుట్ట మీద నాపరాళ్ల గని ఉంది. మా వీధి ఆడవాళ్లం అక్కడే పని చేస్తాం. గని శెట్టిది. ఆయనకు టౌనులో బండల అంగడి ఉంది. మా ఆయన ఆయన దగ్గర ట్రాక్టరు తోలేవాడు, మమ్మల్ని ఆ ట్రాక్టరు తొట్టిలోనే గుట్ట ఎక్కించేవాడు. ఒళ్లు హూనమయ్యేది గాని, అది నత్తలా నడిచేది కాబట్టి ఎప్పుడూ భయపడలేదు.

తర్వాత శెట్టి కొత్త బండి కొన్నాడు. ముందు నాలుగు తలుపులు, మెత్తటి సీట్లు, వెనక సామాను తొట్టి. నాలుగు చక్రాలకూ ఇంజను బలం పోయే రకం, ఫోర్ బై ఫోర్ అంటారు. అంతేగాక దానికి కళ్లున్నాయని మా ఆయన ఇంటికొచ్చి చెప్పాడు. లోపల అద్దం వెనక ఒక కెమెరా, ముందు ఇంజనుకు గాలి పోయే జల్లెడ వెనక ఇంకోటేదో ఉన్నాయట.

"మనిషి మాదిరి సూస్తాదిమే. ముందర ఏదన్నా అడ్డమొస్తే కూస్తాది. మనం తొక్కకపోతే అదే బ్రేకు తొక్కుతాది" అన్నాడు.

"అట్లయితే నీకు జీతమెందుకు, దానికే ఇస్తారులే" అన్నాను. ఆ రోజుకు ఇద్దరం నవ్వుకున్నాం.

బండిని నేరుగా అహోబిలం తీసుకుపోయారు. పూజారి బానెట్టు మీద బొట్టు పెట్టి హారతి ఇచ్చి పంపాడు. ఆయన చేసింది అంతే. శెట్టికి అది చాలలేదు. ఇంటి ముందు నిలిపి, అద్దం పైన సరిగ్గా నడిమధ్యన, అంటే ఆ కెమెరా చూసే చోటనే, అరచేతి వెడల్పున పసుపు పూసి దాని మీద కుంకుమ అద్దాడు. ముందు జల్లెడకు నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చిన దండ కట్టాడు. అది చాలక గుర్రపు తోక వెంట్రుకల కుచ్చు వేలాడదీశాడు.

మా ఆయన మాత్రం ఊరుకున్నాడా? మాది చర్చికి పోయే ఇల్లు. శెట్టి దేవుడు ఒక్కడే బండిని కాపాడితే తనకు నామోషీ అనుకున్నాడేమో, చర్చి కూటాల్లో ఇచ్చిన వాక్యం స్టిక్కరు తెచ్చి, లోపలి వైపు నుంచి ఆ కుంకుమ పక్కనే అంటించాడు. నేను కూడబలుక్కుని సొంతంగా చదివిన మొదటి వాక్యాల్లో అదొకటి. ఇంటి తలుపు మీద కూడా అదే ఉంది. దాన్ని అద్దం మీద చూసి నాకు సంతోషమే కలిగింది. అది దేనికి అడ్డమొచ్చిందో అప్పుడు మాకెవరికీ తెలియదు.

బండికి తెలిసింది. ఎక్కి తాళం తిప్పగానే ముందు పలకలో పసుపు దీపం వెలిగి, ఏదో రాసి చూపించేది. నాకొచ్చింది తెలుగు అక్షరాలు, అది రాసేది ఇంగ్లీషు. మా ఆయనకు ఏదీ రాదు. శెట్టికి ఇంగ్లీషు వచ్చు. చదివాడు కూడా. చదివి, "అది అట్లే అంటాంటాదిలే, పట్టించుకోవద్దు" అన్నాడు. ఒక్కోసారి నిమ్మకాయల దండ ఊగితే బండి ఉత్తపుణ్యానికి కుయ్యిమని కూసేది. ఒకసారి నడి బజారులో తనంతట తనే బ్రేకు వేసుకుంది, వెనక ఆటోవాడు మా ఆయన్ను అమ్మనా బూతులు తిట్టాడు. దండ తీసేద్దామని ఎవరికీ తోచలేదు. శెట్టి మీట నొక్కించి దాని నోరు మూయించాడు. ఆ పసుపు దీపం మాత్రం ఆరలేదు. దాని మీద మా ఆయన నల్ల టేపు అంటించాడు.

కళ్లకు కుంకుమ కొట్టారు. నోటికి గుడ్డ కుక్కారు. ఆ మీదట దాన్ని నమ్మి మమ్మల్ని ఎక్కించారు.

ఎక్కడ ఎక్కించారో కూడా చెప్పాలి. ముందున్న మెత్తటి సీట్లకు కంపెనీ వాళ్లు తొడిగిన ప్లాస్టిక్ కవర్లు శెట్టి తీయనివ్వలేదు. మేము కూర్చుంటే మా చీరల రాతిపొడి అంటుకుంటుందట. అందుకని డ్రైవరు వెనక సీటు ఖాళీగా పోయేది, మేము వెనక తొట్టిలో కడ్డీ పట్టుకుని నిలబడేవాళ్లం. నా ఆడబిడ్డ, అంటే మా ఆయన చెల్లెలు, నా పక్కనే నిలబడేది. "వదినా, సీటుకు పరికిణీ కట్టినాడు సూడు శెట్టి. మనకంటే దానికే మానం శానా ఉండాది" అని అందరినీ నవ్వించేది.

మా ఆయన అప్పటికే మారిపోయాడు. ట్రాక్టరు మీద ఒదిగి కూర్చునే మనిషి, ఈ బండిలో మోచేయి బయట పెట్టి తోలేవాడు. ఫోర్ బై ఫోర్ మీటను రెండు చక్రాలకు తిప్పడమే మానేశాడు. ఎర్రగుంట్ల తారు రోడ్డు మీద కూడా నాలుగింటి మీదే నడిపేవాడు. మలుపు తిప్పితే టైర్లు కీచుమనేవి, బండి గంతులేసేది. అదేమిటని అడిగితే, "బలముమే, బలం సూపిస్తాంది" అన్నాడు.

వాన పడ్డ రోజున అది జరిగింది. మా గుట్ట మీద వాన అంటే పండగే గాని, గని దారికి మాత్రం కాదు. కోసిన రాళ్ల పొడి అంతా దారిలో పేరుకుని ఉంటుంది. దాని మీద నాలుగు చినుకులు పడితే రుబ్బిన మినప్పిండి అవుతుంది. అటువంటి దారిలో సాయంత్రం మమ్మల్ని గుట్ట దింపుతున్నాడు.

"అన్నా, నిదానంగా పోప్పా" అని నా ఆడబిడ్డ కేబిను మీద తట్టింది.

"నాలుగు చక్రాలూ గుంజుతాండాయి, నీకేం భయం? గట్టిగా పట్టుకో" అని అరిచాడు.

మలుపు తిరిగేసరికి ఎదురుగా ఒక టిప్పరు ఆగి ఉంది. ఆయన బ్రేకు తొక్కాడు. బండి ఆగలేదు. నాలుగు చక్రాలూ కలిసికట్టుగా జారాయి. మేమంతా తొట్టిలో ఒకరి మీద ఒకరు పడ్డాం. బండి అడ్డం తిరిగి, దారి పక్కన పేర్చిన బండల వరసను గుద్దింది. ముందు కూర్చున్న మా ఆయన నుదుటికి గీత కూడా పడలేదు, బెల్టు పెట్టుకున్నాడు. నా ఆడబిడ్డ తొట్టిలోంచి ఎగిరి బండల మీద పడింది. పైనుంచి ఒక బండ జారి ఆమె కాలి మీద పడింది. మేమందరం కలిసి లేపితే గాని ఆ బండ లేవలేదు.

ఆసుపత్రిలో కాలికి రాడ్డు వేశారు. మళ్లీ బండలు మోయలేదని చెప్పారు. ఎవరడిగినా మా ఆయన ఒకటే మాట, "బ్రేకు ఫెయిలైనాది." శెట్టి చెప్పమన్న మాట అది. బ్రేకు నిక్షేపంగా ఉంది.

బ్రేకు బాగుందన్నది నేను ఊహించి చెప్పడం లేదు. బండి బాగయ్యాక అప్పగించడానికి షోరూము మేస్త్రీ వచ్చాడు. నందికొట్కూరు వైపు మనిషి. శెట్టి అంగడి ముందు బండి చుట్టూ తిరిగి చూపిస్తుంటే, ఆడబిడ్డ మందుల చీటీ ఇవ్వడానికి పోయిన నేను అక్కడే నిలబడిపోయాను.

"ఏమి శెట్టీ, ఇన్ని దుడ్లు పోసి కండ్లుండే బండి కొని, దానికి గంతలు కట్టినారే" అన్నాడు. పాత కుంకుమ మరక చూపించాడు, స్టిక్కరు చూపించాడు, టేపు కింది దీపం చూపించాడు. బ్రేకులో ఏ లోపమూ లేదని చెప్పి, మా ఆయన వైపు తిరిగాడు. "అన్నా, నాలుగు చక్రాల బలం ఎక్కేదానికి, బురదలోంచి బయట పడేదానికి. నిలిపేదానికి కాదు. నిలిపేటప్పుడు అన్ని బండ్లూ ఒకటే. దిగేటప్పుడు పైనే నిలిపి, మీటను 'లో' అని రాసుండే చోటికి తిప్పుకోని, చిన్న గేరులో మెల్లగా దిగు, ఇంజనే పట్టుకుంటాది. తారు రోడ్డెక్కితే రెండింటికి మార్చు. అది గంతులేసేది బలం కాదు, లోపల పళ్లు నూరుకుంటాండాది."

"అయితే ఆ కెమెరా తుడిస్తే ఇంక భయం లేదంటావు" అన్నాడు శెట్టి.

"అట్లనుకోని కాళ్లు చాపుకోవద్దండి. తడి నేల మీద అది తొక్కినా జారుతాది. అది కూసేది మీరు చూడాలని, మీ బదులు చూసేదానికి కాదు."

ఎంత తేలిక మాట. ఎద్దులు కట్టిన ఇంట్లో పుట్టినవాళ్లం మేమంతా. గట్టు ఎక్కడానికి రెండు కాండ్లు, అంటే రెండు జతల ఎద్దులు కడతాం. దిగేటప్పుడు ఎన్ని ఎద్దులున్నా కాళ్లు నిలదొక్కుకోకపోతే బండి వాటి మీదికే వస్తుందని చిన్నప్పుడే చూశాం. ఎద్దు కళ్లకు గంతలు కట్టి గుట్ట దింపినవాడిని ఎక్కడైనా చూశామా? బండి కొత్తదయ్యేసరికి ఆ తెలివి ఎక్కడికి పోయింది?

శెట్టి తల ఊపుతూ అంతా విన్నాడు. మేస్త్రీ పోయిన వెంటనే దిష్టి తగిలిందని గుమ్మడికాయ కొట్టించాడు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాడు. జల్లెడకు దండ, కుచ్చు మళ్లీ కట్టాడు. తర్వాత పసుపు కలిపి తెప్పించి, నేను చూస్తుండగానే మళ్లీ అద్దం మీద, మళ్లీ అదే చోట పూశాడు.

"అయ్యా, ఇప్పుడే కదా ఆయప్ప చెప్పిపాయె" అన్నాను.

"బొట్టు లేని బండి మా ఇంటా వంటా లేదు. నీకేం తెలుసులేమ్మా ఇవన్నీ" అన్నాడు.

బొట్టు పెట్టొద్దన్నది ఎవరు? బానెట్టు మంచమంత వెడల్పు ఉంది.

సాయంత్రం ఇంట్లో మా ఆయన్ను నిలబెట్టి అడిగాను. "నీ చెల్లెలు మంచంలో ఉండాది. బ్రేకు ఫెయిలైందని ఆ బిడ్డ మొగం చూసి చెప్పు పా."

"శెట్టి చెప్పమన్యాడు, చెప్పినా. పని పోతే నువ్వు పెడతావా?"

"రేప్పొద్దున మమ్మల్ని మళ్లా ఆ తొట్టిలోనే ఎక్కిస్తావా?"

"ఎక్కకపోతే నడిచి రాండి."

"ఈ తూరి ఎవురి కాలు?"

ఆయన పళ్లెం జరిపి లేచిపోయాడు. వాకిట్లోంచి, "బండిదేముండాదిమే, అంతా దేవుడే సూసుకుంటాడు" అన్నాడు. ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. దేవుడు చూసుకోవడానికే గదా ఎవరో చదువుకున్నవాళ్లు అంత కష్టపడి ఆ కళ్లు పెట్టింది. వాటి మీదే తీసుకుపోయి దేవుణ్ణి అంటించారు, ఇద్దరూ, పోటీలు పడి.

మరుసటి రోజు పొద్దున బండి మా వీధి మొదట్లో ఆగింది. బాగైన బండి గదా, శెట్టి కూడా ముందు సీట్లో వచ్చాడు. ఆడవాళ్లంతా క్యారియర్లు పట్టుకుని నిలబడ్డారు, ఎవరూ తొట్టి ఎక్కలేదు. నేను చెంబు నీళ్లు, పాత గుడ్డ, బ్లేడు తీసుకుపోయాను. మా ఆయన వైపు తలుపు తీసి, లోపలికి వంగి, స్టిక్కరు గీకడం మొదలుపెట్టాను. ఎండకు కాలి అతుక్కుపోయింది, తొందరగా రాలేదు. నేను కష్టపడి నేర్చుకున్న అక్షరాలు ఒక్కొక్కటే ఊడి కింద పడ్డాయి. పొరపాటున కూడా తొక్కకూడదని వాటిని ఏరి కొంగున కట్టుకున్నాను. తర్వాత దీపం మీది నల్ల టేపు పీకేశాను. దీపం వెలుగుతూనే ఉంది.

చెంబు, గుడ్డ తీసుకుపోయి శెట్టి కిటికీ దగ్గర పట్టుకున్నాను.

"మా దేవుని మాట నేను గీకినా. మీ దేవుని బొట్టు నేను తుడిస్తే తప్పు. మీరే తుడిచి కిందికి పెట్టండయ్యా."

శెట్టి నా వైపు చూశాడు, వెనక నిలబడిన ఆడవాళ్ల వైపు చూశాడు. "ఏమప్పా, నీ పెండ్లాము ఇది" అన్నాడు మా ఆయనతో. మా ఆయన ఇంజను ఆపాడు. శెట్టే దిగి, గొణుక్కుంటూ అద్దం తుడిచి, బానెట్టు మీద బొట్టు పెట్టాడు. మా ఆయన అప్పుడు దిగి, నిమ్మకాయల దండ, కుచ్చు విప్పి తొట్టి వెనక కొక్కేనికి కట్టాడు. నోరు మూయించిన మీట మళ్లీ నొక్కి తాళం తిప్పాడు. పసుపు దీపం కాసేపు వెలిగి ఆరిపోయింది.

"ఇంక ఎక్కండి, పొద్దెక్కుతాంది" అన్నాడు శెట్టి, తొట్టి చూపించి.

నేను వెనక తలుపు తెరిచాను. ప్లాస్టిక్ కవరు చించి కింద పడేశాను. నిన్నటి రాతిపొడి ఉన్న చీరతోనే సీటు మీద జరిగి కూర్చుని, "రాండి, పట్టినంతమంది కూర్చోండి. తక్కినోళ్లకు మళ్లొక తూరి వస్తాదిలే బండి" అని ఆడవాళ్లను పిలిచాను. భుజం మీంచి బెల్టు లాగి పెట్టుకున్నాను.