నూకమ్మక్కకి నేను పెట్టిన తప్పు మార్కు

నిన్న పొద్దున్నే షామిలా ఫోన్.

"మా లెఫ్ట్ అస్, అన్నా."

షామిలా "మా" అనేది వాళ్ళమ్మని. నూకమ్మక్క ఇక లేదంటే ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

మీలో చాలామందికి అక్క తెలియదు. ఈ దేశంలో తెల్లవాళ్ళతో పాటు అందరూ మొదటిసారి ఓటేసిన మరుసటి ఏడు నేను గుంటూరు నుంచి డర్బన్ వచ్చాను. మెదడు దెబ్బతిన్నవాళ్ళకి టెస్టులు పెట్టి, ఏ భాగం ఏ పని చేస్తుందో తెలుసుకోవడం నా ఉద్యోగం. అక్క నా మొదటి పేషెంట్. తాతల నాడు చెరుకు కూలీలుగా ఇక్కడికొచ్చిన తెలుగువాళ్ళ బిడ్డ, మౌంట్ ఎడ్జ్‌కోంబ్ చక్కెర మిల్లు బారక్స్‌లో పుట్టిన మనిషి.

స్ట్రోక్ వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. మాట పోయింది. వార్డులో అన్నం ముట్టడం లేదు.

నేను పెద్ద పండితుడిలా ఆమె ఎడమ చేతిలో స్పూన్ పెట్టి, దీంతో ఏం చేస్తారో చూపించమన్నాను.

మొహం తిప్పేసుకుంది. మూడుసార్లు అడిగినా అంతే.

"అర్థం చేసుకోలేకపోతోంది" అని రాసి తప్పు మార్కు పెట్టాను. అన్నం మానేసిందీ అందుకేనని, మర్నాడు తిండికి ముక్కులోంచి ట్యూబ్ వేద్దామన్నారు వార్డు డాక్టర్లు.

ప్రాస్పెక్టన్‌లో ఫ్యాక్టరీ షిఫ్ట్ దిగి నేరుగా వచ్చిన షామిలా ఆ మాట విని ఏడ్చింది. అంత ఏడుపులోనూ నాకో సమోసా ఇచ్చింది. కుడిచేత్తో రిపోర్ట్ రాస్తూ, ఎడమ చేత్తో పట్టుకుని కొరికాను.

"ఛీ! ఎడం సేత్తో తింతావా? సిగ్గు నేదా!"

అక్కే! పది రోజులుగా ఒక్క మాట లేని మనిషి.

"మా! యూ కాన్ట్ స్కోల్డ్ ద డాక్టర్!" అంటూ షామిలా ఏడుస్తూనే నవ్వింది.

నాకు తల కొట్టేసినట్టయింది. స్పూన్ ఎందుకో ఆమెకి బాగా తెలుసు. ఎడమ చేత్తో తినమంటేనే ఒప్పుకోలేదు; వార్డులో అన్నం ముట్టనిదీ అందుకే. నేనూ తెలుగువాణ్ణే, నాకు తట్టలేదు.

షామిలా పెరుగన్నం కలిపి నోట్లో పెట్టింది. గిన్నె ఖాళీ. మళ్ళీ ట్యూబ్ మాట ఎవరూ ఎత్తలేదు.

తర్వాత ఏళ్ళ తరబడి మా టెస్టులకి ఓపిగ్గా వచ్చింది. స్పూన్ చూపిస్తే దాని పేరు రాదు. తిట్లూ, దేవుడి పాటలూ మాత్రం తడబడకుండా వచ్చేవి. అలవాటుగా వచ్చే మాటకీ, వెతికి పట్టుకునే మాటకీ మెదడులో దారులు వేరని పుస్తకాల్లో చదివాను. నమ్మింది అక్క దగ్గరే. మాకు పాఠం దొరికింది, ఆమెకి మాట పోయింది. తలుచుకుంటే ఇప్పటికీ గిల్టీగానే ఉంటుంది.

తప్పు మార్కు పెట్టిన ఆ రిపోర్ట్‌ని ఆ పూటే చింపేశాను. ఆమెకి మాత్రం ఎప్పుడూ సారీ చెప్పలేదు. అర్థం కాదులే అనుకుని కాదు. అన్నీ అర్థమవుతాయని తెలిసే, మొహం చెల్లక.

ఇప్పుడు చెప్తున్నా అక్కా. తప్పు నాది.

ఇక నిన్నెవరూ ఏదీ చూపించమని అడగరు. ప్రశాంతంగా పడుకో.