రింగు కింద కుడిచెయ్యి

ఆ సాయంత్రం ప్రొద్దుటూరులో మా కాలేజీ బాస్కెట్‌బాల్ కోర్టు దగ్గర ఉన్నవి: సున్నం గీతలు, రెండు సరుగుడు స్తంభాలు, బండి చక్రం పట్టీని వంచి కమ్మరి చేసిన రింగులు, తోలు బంతి ఒకటి. ఉన్నవాళ్లు: జట్టు ఐదుగురం, జట్టును పోషించే ఆసామి, కర్రలతో ఆయన మనుషులు ముగ్గురు. జమ్మలమడుగు జట్టు ఇంకా రాలేదు. ఐదుగురు లేనిదే ఆట మొదలుపెట్టకూడదని నిబంధన. మాకు ఆరో మనిషి లేడు.

మాలో ఆరడుగులు దాటినవాడు ఒక్కడే. పులివెందులలో దూదేకే ఇంటి పిల్లవాడు. ఆసామే వెతికి తెచ్చి, కాలేజీలో చేర్పించి, రెండేళ్లు తన ఇంట్లో అన్నం పెట్టాడు. ఇప్పుడు జమ్మలమడుగు వాళ్లు తమ జట్టులోకి వస్తే వాడి అన్నకు బస్సులో క్లీనరు పని ఇస్తామన్నారు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. అన్నం పెట్టిన ఇంటిని వదిలి అవతలి పక్షానికి పోయేవాడు ముఖాముఖి చెప్పి పోవాలి. చెప్పకుండా పోతే నరుకుతారు. చెప్పినవాణ్ణి ముట్టరు. వాడు దాన్ని నమ్మాడు. ఆట అయ్యేదాకా ఆగమన్నాను. ఆగితే దాచినట్టవుతుందన్నాడు.

"మామా, ఈ ఆట మీకే ఆడతా. రేపట్నుంచి ఆళ్ల జట్టుకు పోతాండా" అన్నాడు ఆసామితో.

ఆసామి నవ్వాడు. "చెప్పినావు, శానా మంచిది. పోప్పా, నిన్ను ఆపేదెవురు? ఆ కుడిచెయ్యి మాత్రం రెండేండ్లు మా కూడు తినింది. అది ఈడ్నే ఉంటాది."

ఇద్దరు వాణ్ణి బోర్లా పడేసి, చేతిని స్తంభం మొదట్లోని రాతి దిమ్మె మీదికి లాగారు. నేను మూడోవాడి మీద పడ్డాను. కర్ర నా చెవిని చీల్చింది. మొదటి దెబ్బకు వాడి మణికట్టు పైన ఎముక విరిగింది. రెండో దెబ్బకు చర్మం చించుకుని బయటికొచ్చింది. మూడో దెబ్బ ఎందుకో ఇప్పటికీ తెలియదు.

అప్పుడే జమ్మలమడుగు జట్టు, రెఫరీ జీపులో వచ్చారు. వాళ్ల పెద్దమనిషి నెత్తురు తొక్కకుండా నిలబడి చూశాడు.

"తీసకపో. నీ మనిషే గదా" అన్నాడు ఆసామి.

"ఈ చేత్తో నాకేం పనిప్పా? నువ్వే పెట్టుకో."

వాడు నేల మీది నుంచే ఆ పెద్దమనిషిని అడిగాడు. "మామా, మా అన్న పని?"

పెద్దమనిషి ముఖం అటు తిప్పుకున్నాడు. "బంతి యాడుంది?"

వాణ్ణి జట్కాలో ఆస్పత్రికి పంపాం. రెఫరీ ఈల ఊది, రెండు జట్లనూ గీత మీద నిలబెట్టి లెక్కపెట్టాడు. వాళ్లు ఐదుగురు. మేము నలుగురం.